రాకాసి గుళ్ళా, గూళ్ళా?

స్థలనామాల మీద మన పత్రికలలో వచ్చే వ్యాసాలు చాలావరకు రెండు దారులలో నడుస్తాయి. పేరును సాగదీసి ఏదో ఒక రాజవంశానికి ముడిపెట్టడం ఒకటి. జనం చెప్పే కథను మూఢనమ్మకమని పక్కకు నెట్టడం రెండవది. ప్రాచీన శిలాసమాధుల పేర్ల విషయంలో ఈ రెండూ నష్టమే చేశాయని నా అభిప్రాయం. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాను, బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. అయితే పేరును అక్షరం పొల్లుపోకుండా చదవడం నా ఉద్యోగం నేర్పిన విద్య.

పొలాల్లో గుండ్రంగా పేర్చిన బండలు, వాటి నడుమ నేలలో రాతిపెట్టె. కొన్నిచోట్ల నాలుగు పలకలు నిలిపి పైన పెద్ద బండ కప్పిన గదులు. ఇవన్నీ ఇనుప యుగపు సమాధులు. చాలావాటి వయసు రెండు వేల ఏళ్ళకు పైమాటే. చిత్రదుర్గ జిల్లా బ్రహ్మగిరిలో 1947లో వీలర్ తవ్వించిన రాతి వలయాలు ఈ కోవలోవే.

ములుగు జిల్లా దామరవాయి అడవిలోని ఇటువంటి కట్టడాలను కొందరు రాకాసి గుళ్ళు అని, కొందరు రాకాసి గూళ్ళు అని రాస్తున్నారు. ఒకటి ఒప్పు, రెండవది తప్పు అని దిద్దడానికి మనం తొందరపడతాము. ఆగి చూడాలి. పైనున్న కప్పుబండను చూసినవాడికి అది గుడి. కింద ఇరుకు గదిని చూసినవాడికి గూడు. ఒక్క దీర్ఘంలో రెండు చూపులున్నాయి. రెండింటికీ ముందు రాకాసి మాత్రం మారలేదు. అంత బండను మనిషి ఎత్తలేడన్నది ఇద్దరికీ ఒప్పుదలే.

కొప్పళ జిల్లా హిరేబెణకల్‌లో కన్నడిగులు వీటినే 'మోర్యర మనె' అంటారు. మోర్యరు మరుగుజ్జులని అక్కడి కథ. మన వైపు రాక్షసులు, వాళ్ళ వైపు మరుగుజ్జులు! పరిహాసానికి తగిన వైరుధ్యంలా కనిపిస్తుంది గాని, రెండూ తర్కమే. మనవాడు బండ బరువును లెక్కించాడు, వాళ్ళవాడు గది కొలతను లెక్కించాడు. ఈ మోర్యరే మౌర్యులని కొందరు రాశారు. కొప్పళలోనే అశోకుని శాసనాలుండటం వారికి ఊతమైంది. కానీ ఈ సమాధులలో చాలా భాగం మౌర్యులకంటే పాతవి. ఆ రాతతో మౌర్యులకు కలిసొచ్చింది లేదు, మరుగుజ్జుల కథ మాత్రం పోయింది.

తమిళనాట పాండవర్ కుళి అంటారు. కుళి అంటే గుంట. ఆ పేరు పెట్టినవాడు నేలను చూశాడు. నాగపూరు దగ్గర జూనాపాణిలో సుమారు మూడు వందల రాతి వలయాలున్నాయి. ఆ ప్రాంతపు వలయాలు గవళీలవని, అంటే పశువుల కాపరులవని, ఒక నానుడి. గుండ్రని రాళ్ళ వరుసను చూస్తే మందను తోలిన దొడ్డి గుర్తురావడం సహజమే కదా!

గుడి, గూడు, ఇల్లు, గుంట, దొడ్డి. ఇన్ని భాషల వాళ్ళు ఇన్ని మాటలన్నారు. వీటిలో ఒక్క దానిలోనూ చావు మాట లేదు. సమాధులకు పెట్టిన పేర్లన్నీ బతికే చోట్ల పేర్లే. కట్టినవారెవరో ఈ పేర్లు చెప్పవు. ఆ తర్వాత ఆ రాళ్ళ పక్కన సేద్యం చేసుకుని బతికినవారి మనసు చెబుతాయి. సాహిత్యం చేసే పని అంతకంటే వేరేమున్నది?

ఈ పేర్లకు కాపాడే శక్తి కూడా ఉంది. కృష్ణ ఒడ్డున ముడుమాలలో నిలువురాళ్ళను జనం నిలురాళ్ళ తిమ్మప్ప అన్నారు, ఒక రాయిని ఎల్లమ్మగా కొలిచారు. దేవుడి రాయిని పగలగొట్టడానికి చెయ్యి ఆడదు. 2025లో ముడుమాల, అంతకు ముందు 2021లో హిరేబెణకల్ యునెస్కో తాత్కాలిక జాబితాకెక్కాయి. సంతోషమే. కాని పేరులేని వలయాలకు ఏ జాబితా దిక్కు?

పాత క్రయపత్రాల చెక్కుబందీలో చేనుకు పేరుండేది. ఇప్పుడు సర్వే నంబరుతో సరి. బళ్ళారి, హోసూరు వైపు మన తెలుగువారి చేల పేర్లు కాగితం మీద నుంచి ముందు పోయాయి, ఇప్పుడు నోటి నుంచి పోతున్నాయి. పాఠకులకు నా మనవి ఒక్కటే. మీ ఊరి రాళ్ళను పెద్దలు ఏమనేవారో అడిగి రాసిపెట్టండి. అర్థం చెప్పే తొందర వద్దు, దీర్ఘం దిద్దవద్దు. విన్నది విన్నట్టు రాస్తే చాలు.