స్కాన్ చేసినారు సరే, వెదికేదెట్ల?

ఆన్‌లైన్ గ్రంథాలయాల్లోకి ఎన్ని తెలుగు పుస్తకాలు ఎక్కినాయి అనే లెక్క చూసి మనం సంతోషపడతాం. ఆ లెక్క ఒకటే చాలదని నా అభిప్రాయం. బ్యాంకులో ఒక మొత్తం వచ్చి, అది ఎవరి ఖాతాకు పోవాలో తెలియకపోతే సస్పెన్స్ అకౌంట్‌లో పెడతాం. డబ్బు బ్యాంకులోనే ఉంటుంది, కానీ దాని సొంతదారుకు అందదు. తమిళనాడు, కర్ణాటక, ఒడిశా, మహారాష్ట్రల్లో తరతరాలుగా ఉండే తెలుగోళ్ళకు ఈ పుస్తకాలు చాలావరకు అట్లా సస్పెన్స్‌లోనే ఉండాయి.

డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాతో మొదలుపెడతాను. పది లక్షల పుస్తకాల పథకం కింద అమెరికాలోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం, బెంగళూరు ఐఐఎస్‌సీ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వంటివి కలిసి చేసిన పెద్ద పని అది. మళ్ళీ అచ్చుకు రాని ఎన్నో పాత తెలుగు పుస్తకాలు దానివల్లే మిగిలినాయి. అందుకు వాళ్ళకు దండం పెట్టాల్సిందే. అయితే పేజీలను బొమ్మలుగా పెట్టినారు. పుస్తకాల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, ఒక్కొక్కరు ఒక్కో తీరున ఎక్కించినారు. శ, ష, స తేడా లేదు, దీర్ఘం లేదు. తర్వాత ఆ సైటు మూతబడింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో నకళ్ళు ఉండబట్టి పుస్తకాలు దక్కినాయి, వాటితోపాటు ఆ తప్పుల పేర్లూ దక్కినాయి.

తెలుగు వికీసోర్స్ పద్ధతి నాకు బాగా నచ్చింది. ఒకపక్క స్కాన్ పేజీ, ఇంకోపక్క టైపు చేసిన పాఠం. ఒకరు దిద్దితే పేజీకి పసుపు రంగు, వేరే మనిషి సరిచూస్తేనే ఆకుపచ్చ. బ్యాంకులో ఒకరు ఎంట్రీ వేస్తే ఇంకొకరు ఆమోదించే పద్ధతే ఇది. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ళ సైటులో బ్రౌన్ నిఘంటువు, ఆంధ్రభారతిలో మరెన్నో నిఘంటువులు మాటను పట్టి వెదికేదానికి వీలుగా ఉండాయి. తెలుగు లిపి వచ్చినవాళ్ళకు ఇవి పెన్నిధి.

తెలుగు మాట్లాడతారు, తెలుగు లిపి చదవలేరు - అట్లాంటోళ్ళ గతేమి? తమిళనాడులో 2006 చట్టం వచ్చినాక, 2006-07లో ఒకటో తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అయింది. ఆ చట్టం మంచిచెడ్డల జోలికి నేను పోను. ఫలితం మాత్రం కండ్ల ముందే ఉంది. మా హొసూరు పక్క ఇంట్లో తెలుగు, బళ్ళో తమిళం అయిన పిల్లలు ఎంతోమంది. ‘గెనిమ’ అంటే పొలం గట్టు అని వాళ్ళకు తెలుసు. ఆ మాటను తమిళ అక్షరాల్లో కొడితే మన సైట్లు ఏమీ లేదంటాయి.

సాంకేతికంగా ఇది అసాధ్యమా? కాదు. యూనికోడు పట్టీలో ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం ఈ వరసలోనే పక్కపక్క ఇండ్లు. ఒక్కో లిపికి 128 గదులు. ఒక ఇంట్లో ‘క’ ఏ గదిలో ఉందో, తక్కిన ఇండ్లలోనూ అదే గదిలో ఉంది. తమిళ ‘క’ సంఖ్యకు 128 కలిపితే తెలుగు ‘క’, తెలుగుకు 128 కలిపితే కన్నడ ‘క’. కూడికలు వచ్చిన గుమాస్తా చేయగల పని.

కూడికతోనే అంతా అయిపోదులెండి. తమిళంలో క, గ లకు ఒకటే అక్షరం. పాట, బాట ఒకే తీరుగా రాస్తారు. ‘న’లు రెండుండాయి, రెండోదానికి ఎదురుగా తెలుగు ఇంట్లో గది ఖాళీ. కాబట్టి తమిళంలో రాసిన ‘గెనిమ’ను ‘కెనిమ’గానూ ‘గెనిమ’గానూ వెదకాలి, ‘న’లను ఒకటిగా లెక్కించాలి. ఒడియాలో హ్రస్వమైన ఎ, ఒలకు వేరే అక్షరాల్లేవు గనక బరంపురం వాళ్ళకు ఇంకో సర్దుబాటు కావాలి. నాలుగు ఫలితాలు ఎక్కువ వచ్చినా ఫర్వాలేదు, చదివేవాళ్ళు ఏరుకొంటారు.

కేటలాగులో ఇంకో చిక్కుంది. భాష వేరు, లిపి వేరు. త్యాగరాజస్వామి కృతులు తమిళ లిపిలో ఎన్నిసార్లు అచ్చయినాయో సంగీతం నేర్చినోళ్ళకు తెలుసు. అక్షరాలు చూసి ‘భాష: తమిళం’ అని రాసేస్తే ఆ పుస్తకం తెలుగు జాబితాలోకి రానే రాదు. వెబ్ ప్రమాణాల్లో భాషా సంకేతం పక్కన నాలుగక్షరాల లిపి సంకేతం చేర్చే ఏర్పాటు ఉండనే ఉంది. తమిళ లిపిలోని తెలుగు అని ఒక్క ముక్కలో చెప్పొచ్చు. ఆ గడి ఖాళీగా వదిలేయడం బద్ధకమే అంటాను.

దీన్ని ఇంత పట్టుబట్టి చెప్పేదానికి కారణముంది. భద్రిరాజు కృష్ణమూర్తిగారి మాండలిక వృత్తి పదకోశంలో వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. గొప్ప పని, కానీ అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల సర్వే. మన ఊర్లు దాంట్లో లేవు. మన మాటలకు సాక్ష్యం ఇంట్లో పెద్దోళ్ళ నోరు, మనవాళ్ళు ఏ లిపిలో రాసుకొన్నా ఆ పాత రాతలు, అంతే. పెద్దోళ్ళు ఒక్కొక్కరే పోతాండారు. రాతలు స్కాన్ అయినా దొరక్కపోతే రెండో సాక్ష్యమూ పోయినట్టే.

కాబట్టి మీ ఊర్లో ఎవరైనా పాత పుస్తకాలు, నోటుబుక్కులు స్కాన్ చేస్తామని వస్తే సంతోషంగా ఇవ్వండి. ఇచ్చేముందు మూడు సంగతులు అడగండి. భాష, లిపి, ఊరు వేరువేరు గడుల్లో రాస్తారా? పక్క లిపిలో కొట్టినా వెదికే వీలు పెడతారా? దిద్దేటప్పుడు ‘గెనిమ’ను ‘గట్టు’గా మార్చకుండా ఉన్నది ఉన్నట్టే ఉంచుతారా? మూడోది మరీ ముఖ్యం. మంచి మనసుతో దిద్దినా, మార్చేసినాక ఆ మాట ఎంత వెదికినా దొరకదు.