నాట్ కట్టిన ఇల్లు

హాలీవుడ్‌లో వైన్ స్ట్రీట్ మీద గుండ్రంగా నిలబడ్డ క్యాపిటల్ రికార్డ్స్ భవనాన్ని చూసి అందరూ అనే మాట ఒకటే: గ్రామఫోన్ రికార్డుల దొంతర. పైనున్న శిఖరం సూది. వెల్టన్ బెకెట్ సంస్థలో దీన్ని గీసిన లూయీ నైడార్ఫ్‌ మాత్రం తన ఉద్దేశం అది కాదని ఎన్నోసార్లు చెప్పాడు. అప్పుడాయనకి 24 ఏళ్ళు. గుండ్రని కట్టడంలో గోడ తక్కువ, ఖర్చు తక్కువ అన్నది లెక్క. రికార్డుల అంచుల్లా కనబడేవి ఎండ ఆపే చూరులు.

ఆయన మాట నిజమే. కానీ 1956 నుంచి జనం చూస్తున్న అర్థాన్ని ఆయనొక్కడే కొట్టేయలేడు. పాట రాసినవాడు ఏమనుకున్నా, విన్నవాడికి వినబడింది కూడా లెక్కలోకి వస్తుంది కదా.

సందర్శకులకు స్టూడియోలోకి ప్రవేశం లేదు. బయటే నిలబడి చూశాను. 13 అంతస్తులకన్నా నన్ను పట్టుకుంది నేలకింద ఉన్న సంగతి. దాదాపు 30 అడుగుల లోతున కాంక్రీటు గదులున్నాయి. పాడిన గొంతుని స్పీకరు ద్వారా అక్కడికి పంపి, గోడలకు తగిలి వచ్చే ప్రతిధ్వనిని మైకుతో పట్టి పాటలో కలుపుతారు. సినాట్రా పాటల్లో ఆ నునుపు కొంత ఈ మట్టికింది నుంచి వచ్చిందే.

క్యాపిటల్‌కి కాసులు కురిపించిన నాట్ కింగ్ కోల్ పేరు మీద దీన్ని 'నాట్ కట్టిన ఇల్లు' అంటారు. ఆ కోల్ 1948లో ఇదే నగరంలో, హాంకాక్ పార్క్‌లో సొంతిల్లు కొంటే, నల్లవాళ్ళు ఉండకూడదని ఇరుగుపొరుగు తెల్లవాళ్ళు అడ్డం పడ్డారు. గొంతు కావాలి, మనిషి పక్కింట్లో వద్దు. మా రాజుపాలెం వైపు పల్లెల్లో పెరిగినవాళ్ళకి దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. జాతరకి డప్పు ఊర్లోకి వస్తుంది, కొట్టేవాడి ఇల్లు మాత్రం ఊరి బయటే.

1955లో క్యాపిటల్‌ని కొన్న బ్రిటిష్ కంపెనీ ఈఎంఐ చేతిలోనే అప్పట్లో మన హెచ్.ఎం.వి. కూడా ఉండేది. అంటే ఘంటసాల రికార్డు మీది కుక్కబొమ్మకీ, ఈ భవనానికీ యజమాని ఒకడే. ఈ భవనాన్ని నగరం చారిత్రక కట్టడంగా ప్రకటించి కాపాడుకుంది. మద్రాసులో మన విజయా వాహినీ స్టూడియో స్థలంలో ఇప్పుడు షాపింగ్ మాల్ ఉంది.

అలాగని భవనం మిగిలితే చాలనుకోలేను. శిఖరం మీది దీపం రాత్రిళ్ళు మోర్స్ సంకేతాల్లో 'హాలీవుడ్' అని మిణుకుతుంటుంది. అది ఊరి పేరు, పాడినవాళ్ళ పేరు కాదు. కట్టడం ఎప్పుడూ యజమానినే గుర్తుపెట్టుకుంటుంది. స్టూడియోలు ఎట్లాగూ పోయాయి. ఆ పాటల్లో వయొలిన్, తబలా వాయించినవాళ్ళ పేర్లు రికార్డు లేబుల్ మీదకి ఎక్కలేదు. గుర్తున్నవాళ్ళు ఉండగానే వాటిని రాసిపెట్టుకోవడం మనం ఇప్పటికైనా చేయగల పని.