అడక్కుండా ఆగే బండి

మా నూజివీడు వాళ్లకు రెండిటిని పక్కపక్కన పెట్టి తీర్పు చెప్పడం చిన్నప్పుడే అబ్బుతుంది. బంగినపల్లా, చిన్నరసమా అని అడిగి చూడండి, ఎనిమిదేళ్ల పిల్ల కూడా కారణాలతో సహా చెబుతుంది. బంగినపల్లిని ముక్కలు కోసుకుని, చొక్కా నలక్కుండా తినొచ్చు. రసం కాయకు తొందర పనికిరాదు. ముందు పిసికి మెత్తబరచాలి, తొడిమ దగ్గర కొరికి మొదటి చుక్క పిండేయాలి, ఆ తర్వాతే నోటికి. మోచేతి దాకా కారుతుంది కూడా. ఏది గొప్పదంటే, తినేవాడికి ఎంత తీరికుందో చూసి చెప్పాలి.

మొన్న మే నెలలో ఇదే తగువు కార్ల మీదికి మళ్లింది. ఇంటి ముందు నుంచి రెండు బండ్లు హైదరాబాదుకు బయల్దేరాయి. ఒకటి బావగారి డీజిల్ బండి, రెండోది మా కరెంటు బండి. రెండిటి డిక్కీల్లోనూ గడ్డి పరిచిన పెట్టెల్లో రసాలు. దారి ఒకటే. మైలవరం మీదుగా ఇబ్రహీంపట్నం, అక్కడ 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి నందిగామ, కోదాడ, సూర్యాపేట, నార్కట్‌పల్లి, చౌటుప్పల్. అటూ ఇటూగా 300 కిలోమీటర్లు. మా అమ్మ వెళ్లేటప్పుడు నా బండిలోనూ, వచ్చేటప్పుడు అల్లుడిగారి బండిలోనూ కూర్చుంది. కాబట్టి ఈ విమర్శకు కర్త ఆవిడ, నేను రాయసగాణ్ణి.

ముందు కదిలే బండి సంగతి. డీజిల్ బండిలో ఇంజను సొద పాదాల్లోంచి ఎక్కుతుంది. గంట గడిచేసరికి చెవి దానికి అలవాటు పడుతుంది గానీ ఒళ్లు పడదు. దిగాక కూడా కాసేపు అరికాళ్లలో ఆ వణుకు ఉంటుంది. కరెంటు బండిలో అదేమీ లేదు. 90 దాటితే మాత్రం టైర్ల రొద, గాలి ఈల బాగా వినపడతాయి. అవి డీజిల్‌లోనూ ఉన్నవే, ఇంజను చప్పుడు కింద అణిగి ఉంటాయంతే. అమ్మ నందిగామ దగ్గర కళ్లు మూసుకుని కోదాడలో తెరిచింది.

మోకాళ్ల లెక్క వేరు. బ్యాటరీ అంతా నేల కింద పరిచి ఉంటుంది గనక నేల పైకి లేస్తుంది, వెనక కూర్చున్నవాళ్ల మోకాళ్లూ లేస్తాయి. తొడలకు ఆధారం ఉండదు, బరువంతా నడుం మీద పడుతుంది. మోకాళ్ల నొప్పులున్న మనిషికి ఇది చిన్న విషయం కాదు. దుప్పటి మడతపెట్టి తొడల కింద దోపాక గానీ ఆవిడ కుదుటపడలేదు. దానికి తోడు బ్యాటరీ బరువు మోయడానికి స్ప్రింగులు గట్టిగా పెడతారు, మైలవరం రోడ్డు మీద ప్రతి గుంటా ఒంటికి తెలిసింది. డీజిల్ బండిలో కాళ్లు హాయిగా కిందికి దిగాయి. ఈ పద్దులో మార్కులు బావగారివే.

మరో తేడా తోలేవాడి కాలిలో ఉంది. కరెంటు బండిలో యాక్సిలరేటర్ మీంచి కాలెత్తగానే మోటారు జనరేటరై బండిని వెనక్కి లాగుతుంది, బ్యాటరీకి కాస్త కరెంటు తిరిగొస్తుంది. ఆ లాగుడు ఎక్కువ స్థాయిలో పెట్టుకుంటే డ్రైవరుకు సరదాగానే ఉంటుంది. వెనకవాళ్ల తలలు మాత్రం గంగిరెద్దు తలలా ఊగుతాయి. మూసిన అద్దాల్లో మామిడి వాసన, దాని మీద ఈ ఊపు. కడుపులో తిప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? పెద్దవాళ్లూ పిల్లలూ ఉన్నప్పుడు దాన్ని అన్నిటికంటే తక్కువలో పెట్టడమే మర్యాద.

ఛార్జింగ్ తరిగిపోతుందని ఏసీ ఆపేసి చెమటలు కక్కుతూ వెళ్లేవాళ్లను చూశాను. అది పిసినారితనం కూడా కాదు, లెక్క రాకపోవడం. 85 వేగంతో గంట నడిస్తే మా బండి సుమారు 13 యూనిట్లు తాగుతుంది. అందులో ఏసీ వాటా ఒకటో, ఒకటిన్నరో. వేగం 80 నుంచి 100కి పెంచితే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. మిగల్చాల్సింది ఏసీ దగ్గర కాదు, కాలి దగ్గర. బయల్దేరే ముందు ఇంట్లో ప్లగ్గుకు ఉండగానే బండిని చల్లబరచుకుంటే ఆ మొదటి చల్లదనం ఖర్చు బ్యాటరీ మీద పడదు. సంక్రాంతి రద్దీలో పంతంగి టోల్‌గేటు దగ్గర గంటసేపు ఇరుక్కున్నా కరెంటు బండి ఏసీకి ఒకటిన్నర యూనిట్ల కంటే పెద్దగా పోదు. డీజిల్ బండి అదే గంట ఇంజను తిప్పుతూ పొగ వదులుతుంటుంది.

ఇంకో సంగతి బావగారికి చెబితే నవ్వారు. మా విజయవాడ వైపు నేల సముద్ర మట్టానికి పెద్ద ఎత్తులో ఉండదు, హైదరాబాదు 500 మీటర్ల పైన. మనుషులతో, మామిడితో కలిపి 1,800 కిలోల బండిని అంత ఎత్తుకు చేర్చడానికే రెండున్నర యూనిట్లు కావాలి, అంటే పదిహేను, పదహారు కిలోమీటర్ల దూరం కరిగినట్టు. డీజిల్‌వాళ్లకు ఆ ఎక్కుడు ఉందనే తెలియదు. నలభై యూనిట్ల బ్యాటరీతో వెళ్లేవాడు వెళ్లేటప్పుడు ఒక లెక్క, వచ్చేటప్పుడు ఒక లెక్క వేసుకోవాలి.

ఇదంతా కదిలేటప్పటి మాట. అసలు తేడా ఆగినచోట ఉంది.

మాకు సూర్యాపేట దగ్గర ఛార్జింగ్. ఆర్టీసీ బస్సులు ఏళ్ల తరబడి టిఫిన్లకు ఆగుతున్న ఊరే గనక ఆగడం దానికి కొత్త కాదు. మా పాయింటు మాత్రం ఓ బంకు వెనక మూల ఉంది. డీజిల్ కొట్టేచోట పెద్ద రేకుల కప్పు, కరెంటు ఎక్కేచోట ఆకాశం. గన్ను పట్టుకుంటే చెయ్యి కాలింది. మాకంటే ముందు ఒక బండి ఉంది, ఇరవై నిమిషాలు దానికి పోయాయి. మరుగుదొడ్డికి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పేవాడు భోజనానికి వెళ్లాడు. 80 శాతం దాటాక ఛార్జింగ్ నత్తనడక పడుతుందని అక్కడికి ఆపేశాను. అయినా ముప్పావు గంట. మొత్తం ప్రయాణం ఆరున్నర గంటలు, బావగారిది ఐదుంబావు.

ఆ ముప్పావు గంటా బండిలో ఏసీ నడుస్తూనే ఉంది. అమ్మ సీటు వాల్చుకుని పడుకుంది. 2024లో వచ్చిన ఎంజీ విండ్సర్‌లో వెనక సీటు 135 డిగ్రీల దాకా వాలుతుందని గొప్పగా చెబుతారు. పరుగులో అంత వాలితే బెల్టు ఒంటిని అంటి ఉండదు, అది ప్రమాదం. ఆ వాలు ఇలా ఆగినప్పటికే పనికొస్తుంది. బావగారు భోజనానికి ఆగి బండి ఎండలో పెట్టి తాళం వేశారు. ఆ కొలిమిలో ఆయన పెట్టెల పైవరస రసాలు హైదరాబాదు చేరేసరికి ఉడికినట్టు మెత్తబడ్డాయి. మావి గట్టిగానే ఉన్నాయి.

తిరుగు ప్రయాణంలో అమ్మ నీళ్ల సీసా నిండుగానే ఇంటికి వచ్చింది. దారిలో ఒక్క గుక్క కూడా తాగలేదు. ఎందుకని అడిగితే, ‘తాగితే ఆపమనాలి. అల్లుడిగార్ని బండి ఆపమని ఎలా అడుగుతాం?’ అంది. ఇందులో డీజిల్ తప్పేం లేదు, తప్పు చుట్టరికానిది అనొచ్చు. సగం నిజం. కానీ మన ఆడవాళ్లు కారెక్కే ముందు నీళ్లు మానేయడం ఏ కొలతల పట్టికలోనూ ఉండదు, ‘ఒక్క టీతో వచ్చేశాం’ అని గొప్ప చెప్పుకునే బండ్లన్నిటిలోనూ ఉంటుంది. నా బండిలో ఆవిడ సీసా ఖాళీ చేసింది. సూర్యాపేటలో ఆగి తీరాలని ఆవిడకు తెలుసు. ఎవర్నీ అడగక్కర్లేదు, బండే అడుగుతుంది. తీరా ఆగాక ఆ తాళం. ఇచ్చిన సుఖాన్ని అక్కడే లాక్కున్నట్టయింది.

ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే 18న, ఇలాంటి ఎండల్లోనే, మద్రాసు నుంచి కాశీకి పల్లకీలో బయల్దేరి మరుసటి ఏడు సెప్టెంబరు 3న తిరిగొచ్చారు. దారి హైదరాబాదు మీదుగానే. 1838లో అచ్చయిన ఆయన ‘కాశీయాత్ర చరిత్ర’ సాహిత్య విద్యార్థులకు తొలి యాత్రా గ్రంథాల్లో ఒకటి. నాకిప్పుడు అది కరెంటు బండివాడికి కావలసిన పుస్తకంలా కనిపిస్తోంది. మజిలీ మజిలీకీ నీళ్లు ఎలా ఉన్నాయి, దిగడానికి చోటుందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది అని రాసుకుంటూ పోయారు. బోయీలకు అలుపు తీరాలి గనక ఆయనకు మజిలీ తప్పదు. నాకు బ్యాటరీ నిండాలి గనక తప్పదు. మధ్యలో వచ్చిన డీజిల్ బండ్లే మజిలీని అనవసరం చేసి పారేశాయి. నా ఫోనులోని ఛార్జింగ్ మ్యాపు అరవై కిలోవాట్లా, ముప్పయ్యా అని చెబుతుంది. నీడ గురించి ఒక్క ముక్క చెప్పదు.

‘నీ బండిలో నిద్ర బావుంది, అల్లుడిగారి బండిలో కాళ్లు బావున్నాయి’ అని అమ్మ తీర్పు. బావగారు అది తన గెలుపనుకున్నారు, నేను నాదనుకున్నాను. ఇంటికొచ్చాక పాత తోట లెక్కల పుస్తకంలో వెనక పేజీలు తిప్పి మొదలుపెట్టాను. సూర్యాపేట ఇవతల: గన్నులు రెండు, ఒకటే పనిచేస్తోంది. నీడ లేదు, యాభై అడుగుల దూరంలో వేపచెట్టు. టీ ఫరవాలేదు. మరుగుదొడ్డి తాళంచెవి ఎవరి దగ్గరుందో ముందే కనుక్కోవాలి.

అమ్మ పక్కన కూర్చుని వింటోంది.

‘లోపల బకెట్టుందా లేదా, అదీ రాయి’ అంది.