కోడిపిల్ల కంట్లో నేత

చిత్తూరు చుట్టుపక్కల హేచరీల్లో పద్దెనిమిదో రోజున గుడ్లను సెట్టర్‌లోంచి తీసి హేచర్‌లోకి మారుస్తారు. ట్రేలు మోసేవాళ్లకు అది నిత్యం ఉండే పనే. పెంకు లోపల మాత్రం ఆ రోజుల్లోనే ఒక మహత్కార్యం పూర్తి కావస్తుంటుంది. పద్నాలుగో రోజున ఇంకా మసకగా ఉన్న పిల్ల కార్నియా, అంటే నల్లగుడ్డు ముందుండే పొర, పందొమ్మిదో రోజుకల్లా దాదాపు పూర్తిగా తేటపడుతుంది. ఆ పొరకు ముఖ్యమైన ముడిసరుకు కొల్లాజెన్. చర్మంలోనూ ఎముకలోనూ ఉండి వెలుగును అడ్డుకునేదీ అదే, కంట్లో వెలుగును దూరనిచ్చేదీ అదే. తేడా అంతా పేర్చడంలో ఉంది. ఆ పేర్పును గుడ్డులో రోజురోజుకూ కనిపెట్టి చూసే విద్య ఒకటి ఉంది. జీవశాస్త్రం మొత్తంలో అంతకన్నా నాజూకైన చేతిపని నేనెరగను.

గుడ్లు వరసగా పగలగొట్టి పిల్ల ఎదుగుదలను చూడటం అరిస్టాటిల్ నాడే ఉందంటారు. పదిహేడో శతాబ్దంలో ఇటలీ వైద్యుడు మాల్పీగీ సూక్ష్మదర్శిని కింద చూసి బొమ్మలు గీశాడు. 1951లో హాంబర్గర్, హామిల్టన్ కలిసి గుడ్డులోని ఎదుగుదలను 46 దశలుగా విడగొట్టారు. ఈ రంగంలో ఇప్పటికీ అందరూ ఆ లెక్కనే వాడతారు.

పని తెలిసినవాళ్లు గుడ్డును పగలగొట్టరు, కిటికీ తెరుస్తారు. పొదుగులో ఉన్న గుడ్డును కాసేపు అడ్డంగా పడుకోబెడితే పిండం పైకి తేలుతుంది. మొద్దు కొనవైపు సన్నటి రంధ్రం చేసి, సిరంజితో రెండు మూడు మిల్లీలీటర్ల తెల్లసొన లాగేస్తే పిండం పెంకును వదిలి కాస్త కిందికి దిగుతుంది. పైన టేపు అంటించి, చిన్న కత్తెరతో గుండ్రంగా కోసి మూత తీస్తారు. మూడో రోజు గుడ్డయితే ఎర్రటి రక్తనాళాల నడుమ గుండె కొట్టుకుంటుంటుంది, కన్ను నల్లబడుతూ కనిపిస్తుంది. చూడాల్సింది చూసి మళ్లీ టేపు వేసి పొదుగులో పెడితే పిండం ఎదుగుతూనే ఉంటుంది. చెయ్యి వణికితే ఒక రక్తనాళం తెగుతుంది, అంతటితో సరి.

ఆ చెయ్యి ఎంత నిబ్బరంగా ఉండాలో ఆల్ఫ్రెడ్, జేన్ కూలోంబర్‌లు చూపించారు. 1950లలో వాళ్లు నాలుగో రోజు పిండం కంట్లోకి సన్నటి గాజు గొట్టం దించి లోపలి ద్రవాన్ని బయటికి పారనిచ్చారు. ఒత్తిడి లేక కన్ను ఎదుగుదల బాగా కుంటుపడింది. లోపలి ద్రవం నెట్టుతుంటేనే కన్ను పెరుగుతుందని ఆ గొట్టంతో తేల్చారు. 1964లో వాళ్లే ఇంకో సంగతి బయటపెట్టారు. థైరాయిడ్ హార్మోను ముందుగా ఇస్తే కార్నియా ముందే తేటపడుతుంది, దాన్ని అడ్డుకుంటే తేటపడటం ఆలస్యమవుతుంది. పొరలో ఎక్కువైన నీరు బయటికి పోతేనే వెలుగుకు దారి.

హార్వర్డ్‌లో ఎలిజబెత్ హే చేసిన పని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది. కొల్లాజెన్ తయారు చేసేది ఫైబ్రోబ్లాస్ట్ కణాలని అందరూ నమ్మిన రోజులవి. కార్నియా పైపొరను మాత్రమే విడదీసి గాజు పాత్రలో పెంచి, ఏ ఫైబ్రోబ్లాస్టూ తోడు లేకుండా అది తనంతట తానే కొల్లాజెన్ పొరను నేస్తుందని 1971లో డాడ్సన్‌తో కలిసి రుజువు చేశారు. గుడ్డులోనూ జరిగేది అదే. ముందు పైపొర ఒక తొలి పరుపు వేస్తుంది. సుమారు ఆరో రోజున అది నీటితో ఉబ్బుతుంది. అప్పుడు న్యూరల్ క్రెస్ట్ అనే పిండ కణాల గుంపు నుంచి వచ్చిన కణాలు అందులోకి చొరబడి అసలు పనికి దిగుతాయి.

ఆ పరుపు ఎలా ఉంటుందో మన వెంకటగిరి మగ్గం పక్కన పెడితే తెలుస్తుంది. మగ్గం మీద పడుగూ పేకా ఒకదానిలోంచి ఒకటి దూరతాయి. ఇక్కడ దూరవు. ఒక పొరలో పోగులన్నీ ఒకే దిక్కుకు ఉంటాయి, దాని మీది పొరలో దాదాపు అడ్డంగా ఉంటాయి. అలా పొర మీద పొర. పైగా ఆ దిక్కు పొరపొరకూ కాస్తకాస్త తిరుగుతూ పోతుంది. 1971లో ట్రెల్‌స్టాడ్, కూలోంబర్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూసి చెప్పింది వింటే ఆశ్చర్యపోతాం. కుడి కంట్లోనూ ఎడమ కంట్లోనూ ఆ తిరుగుడు ఒకే వైపుకు, గడియారపు ముల్లు దిశలోనే! కుడిచెయ్యి ఎడమచేతికి ప్రతిబింబంలా ఉండే శరీరంలో ఈ రెండు కార్నియాలు మాత్రం అలా లేవు.

ఒక్కో పోగు మందం సుమారు 25 నానోమీటర్లు. వెలుగు తరంగం 400 నానోమీటర్లకు పైమాటే. పోగులన్నీ ఒకే మందంలో, ఒకే ఎడంతో ఉంటే అవి చెదరగొట్టిన వెలుగు తనలో తానే రద్దయిపోతుందని 1957లో డేవిడ్ మారిస్ వివరించాడు. పోగు లావెక్కకుండా కాపలా కాసేది ఐదో రకం కొల్లాజెన్. మొదటి రకంతో కలిసి ఒకే పోగులో అల్లుకుని ఉండి మందాన్ని అదుపు చేస్తుంది. దీన్ని బర్క్, లిన్సెన్‌మేయర్ బృందం కోడి కార్నియాలోనే పట్టుకుంది.

ఇంతమంది పరాయివాళ్ల పేర్లు చెప్పాను కానీ, అసలు కొల్లాజెన్ అణువు రూపం తేల్చింది మన పక్కనున్న మద్రాసు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం పుట్టిన 1954లోనే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా మూడు పేటల కొల్లాజెన్ నమూనాను నేచర్ పత్రికలో ప్రకటించారు. కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఇచ్చిన కంగారూ తోక స్నాయువును ఎక్స్‌రేల ముందు పెట్టి సాధించిన ఫలితమది. ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ ఎందుకుండాలో దానితో తేలిపోయింది. మరుసటి ఏడు మూడు పేటలూ కలిసి మెలిక తిరుగుతాయని సవరించారు. ఆ వెంటనే రిచ్, క్రిక్ తమ నమూనాతో వచ్చారు. పేటల మధ్య హైడ్రోజన్ బంధాల లెక్కలో వాళ్ల మాటే నిలిచి ఉండవచ్చు. మూడు పేటల సరైన అల్లికను ముందు చూపింది మాత్రం మద్రాసే, ఆ మాట దగ్గర నేను తగ్గను. నోబెల్ ఆ మహానుభావుడు రామచంద్రన్ గడప తొక్కలేదు. మన డిగ్రీ పాఠాల్లోనైనా ఆయన ఫొటో ఎక్కడుంది?

ఇప్పుడు కొల్లాజెన్ అంటే జనానికి గుర్తొచ్చేది డబ్బాలో పొడి. తాగితే చర్మం మెరుస్తుందని, కళ్లు బాగుపడతాయని అమ్ముతున్నారు. మింగిన కొల్లాజెన్ కడుపులోనూ పేగులోనూ అమైనో ఆమ్లాలుగా, చిన్న ముక్కలుగా విరిగిపోతుంది. అది నేరుగా కంట్లోకి వెళ్లి 25 నానోమీటర్ల పోగుగా వరస కట్టదు. పిండం అంత ఒబ్బిడిగా, లెక్క తప్పకుండా చేసే పనిని చెంచాడు పొడితో చేస్తామనడం మోసం. ఆ మోసానికి డబ్బులు పోసేది చదువుకున్నవాళ్లే కావడం నన్ను మరింత మండిస్తుంది.

చదువు కూడా అలాగే తయారైంది. 24 గంటల పిండం, 33 గంటల పిండం, 72 గంటల పిండం అని రంగు వెలిసిన హోల్ మౌంట్ స్లైడ్లు చూపించి రికార్డులో బొమ్మ గీయిస్తారు. ఇప్పుడు కొన్నిచోట్ల ఆ స్లైడు కూడా పోయి తెర మీద బొమ్మే మిగిలింది. కొట్టుకునే గుండెను ఒక్కసారీ చూడకుండా జంతుశాస్త్రంలో పట్టా పుచ్చుకుంటున్న పిల్లలున్నారు. అదీ ఎక్కడ? గుడ్లకు కరువే లేని చిత్తూరులో, పశువైద్య కళాశాల ఉన్న తిరుపతిలో!

అధ్యాపకులకు నా విన్నపం. తెల్ల పెంకు పొదుగు గుడ్లు ఒక ట్రే తెప్పించండి. 37.5 డిగ్రీలు నిలబెట్టే ఇంక్యుబేటర్, సిరంజి, టేపు, చిన్న కత్తెర చాలు. మూడో రోజున ఒక కిటికీ తెరిచి పిల్లలను ఒక్కొక్కరినే పిలిచి చూపించండి. రామచంద్రన్ పేరు అక్కడే, ఆ గుడ్డు ముందే చెప్పండి.