వేళ్లకు తెలిసే రుచి

ఖరీదైన చుట్టలను రుచి చూసి, వాసన చూసి, మార్కులు వేసేవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. మన దగ్గర పేదవాడి చుట్ట బీడీ. దాని మంచిచెడ్డలు నోటిదాకా రాకముందే వేళ్లల్లో తేలిపోతాయి. కరీంనగర్ జిల్లా చొప్పదండి చుట్టుపక్కల ఊళ్లలో ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చేసే ఆడవాళ్లు ఆ తీర్పు చెప్పేవాళ్లు. వాళ్లలో ఎక్కువమంది ఎన్నడూ బీడీ తాగరు. తాగని వస్తువును ఇంత కచ్చితంగా చేయడం ఎట్లా సాధ్యమన్నది తెలియాలంటే ఆకు దగ్గర మొదలుపెట్టాలి.

గోదావరి చుట్టుపక్కల అడవుల్లో, అటు ఆదిలాబాద్ నుంచి ఇటు భూపాలపల్లి దాకా, తునికి చెట్టు విస్తారంగా ఉంటుంది. దాని పండ్లు తిన్నవాళ్లకు చెట్టు పరిచయమే. ఆకు కోసమైతే వేసవికి ముందే పొదల కొమ్మలు కొట్టిస్తారు. కొట్టినచోట కొత్త చిగురు ఒక్కసారిగా వస్తుంది, ఆకులన్నీ ఇంచుమించు ఒకే వయసులో ఉంటాయి. మరీ లేతది ఎండితే ముడుచుకుపోతుంది, ముదిరింది చుడితే పగులుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న కొన్నాళ్ల ఆకునే తెంపాలి. తెంపినవాటిని 50 ఆకుల కట్టలు కట్టి, కల్లంలో పరిచి, తిప్పుతూ ఎండబెడతారు. వెయ్యి కట్టలైతే ఒక స్టాండర్డ్ బ్యాగు. కల్లంలో ఉన్నప్పుడు అకాల వాన పడితే ఆకు మీద నల్ల మచ్చలు లేస్తాయి. ఎంత నేర్పున్న చెయ్యయినా ఆ మచ్చను తర్వాత పోగొట్టలేదు.

బీడీకి తునికాకే ఎందుకు? వెడల్పుగా ఉంటుంది, ఈనెలు సన్నగా ఉంటాయి, త్వరగా పుచ్చదు, తడిపితే మళ్లీ మెత్తబడుతుంది. పైగా కాలేటప్పుడు తంబాకు రుచిని మింగేయదు. చుట్టలో లోపలా పైనా పొగాకే ఉంటుంది కాబట్టి పై ఆకు కూడా రుచిలో భాగమే. బీడీలో పైది అడవి ఆకు. అది పక్కకు తప్పుకుని లోపలి తంబాకును మాట్లాడనివ్వాలి.

ఇంటికి వచ్చిన ఆకును ముందురోజు సాయంత్రం నీళ్లలో ముంచి, నీరు కార్చి, తడి గోనెసంచిలో చుట్టి పెడతారు. తెల్లారేసరికి తడి ఆకంతటా సమంగా పాకుతుంది. ఈ పనిలో చూపే ఓపికే నాకు అన్నిటికన్నా గొప్పగా తోస్తుంది. తడి ఎక్కువైతే తంబాకుకు చెమ్మ పట్టి బీడీ అంటుకోదు. తక్కువైతే చుట్టేటప్పుడు ఈనె వెంబడి చిట్లుతుంది. తేమ కొలిచే పరికరమేదీ ఉండదు. ఆకును రెండు వేళ్ల మధ్య మడిచి వదిలితే విరగకుండా, అట్లాగే అతుక్కుపోకుండా మెల్లగా తెరుచుకోవాలి. "వదినా, ఆకు జెర్ర ఆరింది, నీళ్లు చల్లు" అన్న ఒక్క మాటతో మిగతావాళ్లంతా చేతులు ఆపి తమ ఆకు పట్టి చూసుకుంటారు.

తర్వాత కత్తెర. బీడీ కొలతకు కోసిన రేకును ఆకు మీద పెట్టి, దాని అంచు వెంట కత్తిరిస్తారు. మొద్దు ఈనె ముక్కలోకి రాకుండా చూడటం, ఒక ఆకులోంచి వీలైతే రెండు ముక్కలు తీయడం ఇక్కడి లెక్క. రేకును ఏ వాలులో పెట్టాలో ఒక్క చూపులో నిర్ణయమైపోతుంది. కార్ఖానా ఇచ్చే ఆకు తూకం ప్రకారం ఉంటుంది కాబట్టి చెడగొట్టిన ప్రతి ముక్కా కూలిలోంచి పోయినట్టే.

ఒక బీడీకి పట్టే తంబాకు దాదాపు 0.2 గ్రాములు, అంటే వెయ్యికి ఇంచుమించు 200 గ్రాములు. కర్ణాటకలోని నిపాణి ప్రాంతం, గుజరాత్ బీడీ తంబాకుకు పేరుపడ్డ చోట్లు. ఎండలో ఆరబెట్టిన ఆ పొగాకును రవ్వలుగా కొడతారు. మూడు వేళ్లతో తీసిన చిటికెడు ప్రతిసారీ ఒకే బరువు తూగాలి. దాన్ని ముక్క మీద ఒక కొసకు కాస్త ఎక్కువగా, రెండో కొసకు తక్కువగా పరిచి, రెండు చేతుల బొటనవేళ్లతో ముందుకు తోస్తూ చుడతారు. అందుకే బీడీ ఒకవైపు లావుగా, నోటివైపు సన్నగా వస్తుంది. బిగువంతా ఇక్కడే పడాలి. వదులైతే తంబాకు రాలుతుంది, నిప్పు ఒక పక్కకే పరుగెత్తుతుంది. మరీ బిగిస్తే గాలి ఆడదు. చుట్టిన దాన్ని వేళ్ల మధ్య దొర్లించినప్పుడు ఎక్కడా బోలు తగలకూడదు, ఎక్కడా గడ్డ తగలకూడదు.

లావు కొస అంచులను గోరుతోనో సన్నటి ఇనుప పుల్లతోనో లోపలికి నొక్కి మూతి మూస్తారు. సన్న కొస దగ్గర దారం రెండు చుట్లు తిప్పి లాగితే ముడి పడుతుంది. జిగురన్నది లేదు. తడి ఆకు ఆరుతూ బిగుసుకోవడం, దారం దాన్ని పట్టి ఉంచడం, ఈ రెండే మొత్తం నిర్మాణాన్ని నిలబెడతాయి. దీన్ని గమనించిన తర్వాత ఆ చిన్న వస్తువు మీద గౌరవం కలగకుండా ఉండదు.

అంటించాక తేలేవి మిగతా లక్షణాలు. సిగరెట్టు కాగితం గాలిని లోపలికి పోనిస్తుంది, తునికాకు పోనివ్వదు. అందుకే తాగేవాడు ఊరుకుంటే బీడీ ఆరిపోతుంది. ఇది ఆకు స్వభావం. చేసినవాళ్ల తప్పు దీంట్లో లేదు. మంచి బీడీ మళ్లీ పీల్చగానే అందుకుంటుంది, బూడిద వలయంగా సమంగా వెనక్కి జరుగుతుంది, దారం దాకా ఘాటు ఒకేలా ఉంటుంది. ఆరకుండా గట్టిగా, మాటిమాటికీ పీల్చాలి కాబట్టే, సిగరెట్టులో కంటే చాలా తక్కువ తంబాకు ఉన్నా బీడీ పొగలో తారు, నికోటిన్, కార్బన్ మోనాక్సైడ్ సిగరెట్టుకు తీసిపోవు, తరచూ మించుతాయి. చాటలోంచి లేచే తంబాకు ధూళి చేసేవాళ్ల ఊపిరితిత్తుల్లోకి పోతుంది, నికోటిన్ చర్మం గుండా కూడా ఎక్కుతుంది. పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు ఈ సంగతిని పక్కన పెట్టి మెచ్చుకోకూడదు.

25 బీడీలు ఒక కట్ట, 40 కట్టలు వెయ్యి. కూలి వెయ్యికి లెక్క. బీడీలు తీసుకునే టేకేదారు (కాంట్రాక్టరు) కట్టను అరచేతిలో నిలబెట్టి మూతులన్నీ ఒక్క ఎత్తులో ఉన్నాయా అని చూస్తాడు. కార్ఖానాలో చాటన్ చేసేవాళ్లు ఇంకోసారి ఏరతారు. ఆ తర్వాతే బట్టీలో వేడి తగిలి మిగిలిన చెమ్మ పోతుంది, లేబుల్ పడుతుంది. ఏరివేతలో పోయిన బీడీకి కూలి రాదన్న భయం ప్రతి చాట దగ్గరా ఉంటుంది. 1966లో వచ్చిన బీడీ, చుట్ట కార్మికుల చట్టం యజమానికీ కార్మికులకూ మధ్య వచ్చే తగాదాలను పేర్కొంటూ ముడిసరుకు ఇవ్వడాన్ని మొదట చెప్పింది, బీడీలను తిరస్కరించడాన్ని రెండోది చేసింది, తిరస్కరించిన వాటి కూలిని మూడోది చేసింది. ఆ వరుస సరైనదని నా నమ్మకం. మచ్చలాకు ఇచ్చి, తూకం తగ్గించి ఇచ్చి, తక్కువపడ్డ ఆకును ఆ ఆడవాళ్లు సొంత డబ్బుతో కొనుక్కునేలా చేసి, చివర్లో బీడీ వంకరగా ఉందని తీసిపారేస్తే, అక్కడ తప్పిన నాణ్యత చేతులది కాదు.