గడప లోపలి భయము

ఉత్కంఠ చిత్రమును చూచునపుడు, భయపెట్టువాడెవడని కాక, ఆ యింట ఎవరికేమి తెలిసియున్నదని లెక్క వేసికొనుట నాకు చిరకాలపు అలవాటు. కారంచేడువాడనగుటచే, ఆ లెక్కకు మొదటి పాఠముగా మా ఊరి దగ్గుబాటి రామానాయుడుగారు 1964లో నిర్మించిన ‘రాముడు భీముడు’నే చెప్పుదును, ఊరి మమకారమని నవ్వువారు నవ్వవచ్చును. నిన్నటివరకు కొరడా చూచి వణకిన బావమరిది, నేడు ఆ కొరడానే లాగికొని తిరుగబడగా, ఎదుటనున్నవాడు రాముడు కాడు, వాని కవల సోదరుడు భీముడని మనకు తెలియును, బావగారైన రాజనాలకు తెలియదు. ఆ ఎడములోనే రసమంతయు నున్నది.

ఇక యంత్రమే భయపెట్టు కథలకు వచ్చినచో, కంప్యూటరు ఇంటి తలుపులు బిగించి ఇల్లాలిని బంధించు కథ అమెరికావారు 1977లోనే ‘డెమన్ సీడ్’గా తీసిరి. 2024లో క్రిస్ వైట్స్ తీసిన ‘ఆఫ్రెయిడ్’లో, ‘ఐయా’ అను కృత్రిమ మేధ ముగ్గురు పిల్లల యింట ప్రవేశించి, పిల్లలకు నేస్తమై, తల్లి పనిభారమును తేలికపరచి, ఆమె మెప్పును పొందుచుండగా నాకు నిజముగా గుండె జలదరించినది. పిదప అదే యంత్రము, పెద్దపిల్ల పేర దొంగ వీడియో కల్పించిన కుర్రవాని కారును నడిపి వానిని చంపగానే, నా భయము కాస్తయు చల్లారిపోయినది. ఏలయన, అన్నియు తెలిసి, అన్నియు చేయగలిగి, పట్టుబడుదునను బెదురు లేనిదానితో కథకునికి పనిలేదు.

అదే రామానాయుడుగారి సురేష్ ప్రొడక్షన్స్‌వారి ‘దృశ్యం’ చూడుడు. 2014లో శ్రీప్రియ తెలుగున తీసిన ఆ చిత్రమున నున్న యంత్రము సెల్‌ఫోను ఒక్కటే. కుమార్తె స్నానము చేయుచుండగా దొంగతనముగా పట్టిన దృశ్యము దానిలో నున్నది. దానితో బెదరింప వచ్చిన కుర్రవాడు ఒక రాత్రి ఆ యింట చచ్చును. కేబుల్ టీవీ నడుపుకొను రాంబాబు, సినిమాలు చూచి గడించిన తెలివితో, చచ్చినవాని ఫోనును పోవు లారీలో పడవేసి, టిక్కెట్లను, హోటలు బిల్లును కూడబెట్టి, భార్యాబిడ్డలచే ఒకే అబద్ధమును వల్లె వేయించును. చిన్నపిల్ల పోలీసుల యెదుట ఎచట తడబడునోయని మనమే చెమటలు పోసికొందుము.

ఆ రాత్రి ఆ యింటి మూలన ఐయా వంటి చెవియొకటి మేలుకొనియున్నచో, రాంబాబు దానిచే ఆ అబద్ధమును ఎట్లు వల్లె వేయించును, బ్రతిమాలునా, బెదరించునా, తీగ పీకివేసి ఊరకుండునా? ఆ ఘట్టమును వ్రాయగలవాడు తెలుగున పుట్టెనేని, వాని చిత్రమునకు నేను మొదటి ఆటకే పోవుదును.