‘రన్’ అను క్రియ – తెలుగు పర్యాయపదాలు

ఆంగ్లంలో ‘రన్’ అనే చిన్న క్రియ అనువాదకుని పరీక్షించినంతగా పెద్ద పెద్ద పారిభాషిక పదాలు పరీక్షించవు. ఆక్స్‌ఫర్డ్ మహానిఘంటువు మూడవ కూర్పు కొరకు దానిని పరిశీలించగా 645 అర్థాలు తేలినట్లు 2011లో వెల్లడి అయినది. మన ఆంగ్లాంధ్ర నిఘంటువులు సాధారణంగా కొన్ని పర్యాయపదాలను వరుసగా పేర్చి ఊరకుంటాయి. ఏది ఎక్కడ చెల్లునో తేల్చవలసిన భారం అనువాదకునిదే.

ఆ తీర్పు చెప్పునది క్రియ కాదు, కర్త. మనిషి పరుగెత్తుతాడు, తెలంగాణంలో ఉరుకుతాడు. గుఱ్ఱం దౌడు తీస్తుంది. నీరు పారుతుంది, ముక్కు కారుతుంది, నాటకం ఆడుతుంది, దారి పోతుంది. వీనిలో ‘పారు’ ఒక్కటే ‘రన్’కు దగ్గరి చుట్టం. పూర్వం పరుగెత్తుటకు కూడ ఆ మాట చెల్లేది. నేటికీ ‘పారిపోవు’లో ఆ అర్థం నిలిచి ఉన్నది.

రైలు సంగతి మరీ విశేషం. ఆంగ్లేయుని రైలు పరుగెత్తుతుంది, తెలుగువాని రైలు నడుస్తుంది. బిలాసపురంలో రైల్వే కొలువులకు వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు ఇంట ‘బండి నడుస్తున్నదా’ అంటారు. ఆ జిల్లాలోనే ఉన్న తఖత్‌పూరు బజారులో హిందీలో అడిగితే ‘గాడీ చల్ రహీ హై’ అని బదులు వస్తుంది. రెండింటా నడకే. రైలు వేగం ఎరుగక కాదు. క్రమం తప్పక సాగుటను ఈ భాషలు నడకగా భావించినవి. బడి, కొట్టు, రాజ్యం, పత్రిక అన్నీ అందుచేతనే నడుస్తాయి. వీరేశలింగంగారు 1874లో ‘వివేకవర్ధని’ని ప్రారంభించి నడిపినారే కాని పరుగెత్తించలేదు.

‘వీధి తూర్పునకు పరుగెడుతుంది’ వంటి వాక్యాలు అచ్చులో కనబడినపుడు అనువాదకుడు నిఘంటువు చూచినాడే కాని వీధిని చూడలేదని చెప్పవలసి వస్తుంది. క్రికెట్టులో ‘పరుగు’ చక్కగా కుదిరినది. అక్కడ ఆటగాడు నిజంగానే పరుగెత్తుతాడు. అమెరికాలో అభ్యర్థి ఎన్నికలకు ‘రన్’ అయితే మనవాడు నిలబడతాడు. (బ్రిటనులోనూ నిలబడుటే!)

అన్నింటికన్న కష్టమైనది ‘రన్ అవుట్’. ఇంట బియ్యం లేనపుడు ‘అయిపోయినవి’ అని వ్రాస్తే తప్పు లేదు. కాని తెలుగు ఇల్లాలు ‘నిండుకొన్నవి’ అంటుంది. లేమిని నోట పలుకుట అశుభమనే సంకోచం ఆ మాటలో ఉన్నది. బీదింటి కథను అనువదించేవాడు ఆ గృహిణి నోట ఏ మాట పెట్టినాడో చూస్తే, ఆమె ఎవరో అతనికి తెలిసినదీ లేనిదీ పాఠకునికి తెలిసిపోతుంది.